నోరు తెరవని వాలంటీరు

మొండయ్యకు మొండితనం పేరులో తప్ప ఒంట్లో ఎక్కడా లేదు. ఎదురింటాయన తెచ్చి ఈయన గేటుకు అడ్డంగా కారు పెడితే, తీయమని అడగలేక వెనక గోడ దూకి బజారుకు వెళ్ళొచ్చే మనిషి. హోటల్లో ఇడ్లీ తింటుంటే చట్నీ అయిపోతుంది. ఇంకొంచెం వేయమని అనడానికి సిగ్గుపడి, మిగిలిన ఇడ్లీలను మంచినీళ్ళతో మింగి వస్తాడు.

అలాంటి మనిషి కోరుట్ల బస్టాండులో కంట్రోలరుగా ఏళ్ళ తరబడి ఎలా నెగ్గుకొచ్చాడో దేవుడికే తెలియాలి. అక్కడ మాట్లాడింది ఆయన కాదు, ఆయన కుర్చీ అని భార్య బాలలక్ష్మి అంటుంది. ఆ కుర్చీ దిగి రిటైరై ఇంటికొచ్చాక మొండయ్య గొంతు ఇంటి గుమ్మం దాటలేదు.

మొదట్లో హాయిగానే ఉంది. లేవడం, ఛాయ్ తాగడం, పేపరు చదవడం, మళ్ళీ ఛాయ్ తాగడం. ఎండలు ముదిరేసరికి బాలలక్ష్మి దాబా మీద సగ్గుబియ్యం వడియాలు, ఎర్ర మిరపకాయలు ఆరబోసి, ఆయన చేతికో కట్టె ఇచ్చి కోతులకు కాపలా కూర్చోబెట్టింది.

కాసేపటికి పైకి వచ్చి చూస్తే, ఒక పెద్ద కోతి చాప మీద కూర్చుని తీరిగ్గా వడియాలు తింటోంది. మొండయ్య దాని పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

“ఏందయ్యా, కోతి వడియాలు తింటుంటే చూసుకుంట కూసున్నవ్?”

“తింటున్నదాన్ని మధ్యల ఎట్ల లేపాలె బాలలచ్చిమీ? తినుడైనంక చెప్దామని ఆగిన.”

“నువ్వు దానికి మంచినీళ్ళు గూడ ఇచ్చెటట్టున్నవ్.”

“అడిగితే గదా,” అన్నాడు మొండయ్య.

ఆ రోజు తిన్న తిట్లు అరగక ముందే ఆయనకో దారి దొరికింది. జగిత్యాలలో ‘చల్లని గుక్క సేవా సమితి’ అని ఒకటుంది. ఎండాకాలం వస్తే అక్కడి బస్టాండు ముందర పందిరి వేసి, దారిన పోయేవాళ్ళకు జొన్న అంబలి పోస్తారు. ఈసారి కోరుట్లలో కూడా పందిరి వేద్దామని, సమితి అధ్యక్షుడు రాజేందర్ సారు కోరుట్లలో మీటింగు పెట్టాడు. ఆయన బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, మొండయ్య కులపోడే. పని చేయడానికి ఎవరెవరొస్తారని సారు అడగ్గానే, వెనక వరుసలో కూర్చున్న మొండయ్య ఎందుకో తెలియదు గానీ లేచి నిలబడ్డాడు.

“ఏ పనైనా సరే సారూ, నేనున్న.”

అందరూ చప్పట్లు కొట్టారు. రాజేందర్ సారు చెయ్యెత్తి, “సంతోషం అన్నా, కబురు చేస్తం,” అన్నాడు.

మొండయ్య ఆ పూట నడవలేదు, తేలుతూ ఇంటికి వచ్చాడు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా అంబలి పని. సరిగ్గా వడియాలు ఎండే వేళ. పైగా తన బస్టాండులో తను మళ్ళీ నిలబడొచ్చు. పదిమంది తన పేరు పెట్టి పిలుస్తారు. కోతులు తప్పుతాయన్న సంతోషం పైకి కనిపించేది. లోపల ఉన్న అసలు ఆశ మాత్రం ఈ రెండోదే. రిటైరైన దగ్గర్నుంచి ఆయనతో ఎవరికీ పని పడలేదు, అది ఆయన్ని లోలోపల తినేస్తోంది.

“ఇగ నేను ప్రజాసేవల పడుతున్న,” అన్నాడు భార్యతో, గొంతు కొంచెం బరువు చేసుకుని.

“ఇంట్లున్నోళ్ళు ప్రజలు కారా?”

“నీకు అన్నీ ఎగతాళే.”

“కానీయ్, మంచిదే. ఎన్నడు మొదలు?”

“కబురు చేస్తమన్నరు.”

కబురు రాలేదు. మొండయ్య ఫోను జేబులో పెట్టుకుని తిన్నాడు, దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు, సబ్బుపెట్టె పక్కన పెట్టుకుని స్నానం చేశాడు. ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడి ఎత్తేవాడు. అవతల ఎవరో అమ్మాయి ఆయనకు క్రెడిట్ కార్డు ఇస్తానని బతిమాలేది. ఆమెకు కాదని చెప్పలేక బాగోగులన్నీ కనుక్కుని పెట్టేసేవాడు.

“గంత ఆరాటముంటే నువ్వే ఫోన్ చేసి అడుగరాదు?” అంది బాలలక్ష్మి.

“ఎట్ల అడుగుత? పని కోసం ఎగబడ్డట్టుండదా?”

“సేవ చేసెటందుకు ఎగబడితే తప్పేంది? నేనేమన్న దొంగతనానికి ఎగబడమన్ననా?”

“నీకు మర్యాద తెల్వది. గుర్తు చెయ్యాలె గాని, గుర్తు చేసినట్టు ఉండొద్దు.”

“అయితే ఇగ అయినట్టే,” అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గుర్తు చేసినట్టు ఉండకుండా గుర్తు చేయడానికి మొండయ్య మొదట వాట్సాప్‌ను నమ్ముకున్నాడు. ‘రాజేందర్ గారికి నమస్కరించి వ్రాయునది’ అని మొదలుపెట్టి, అంబలి దాకా వచ్చి, సిగ్గేసి మొత్తం చెరిపేసి, పొద్దుతిరుగుడు పువ్వు మీద శుభోదయం అని ఉన్న బొమ్మ పంపాడు. అటునుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. ఆ దండానికి అర్థం ‘రండి’ అనా, ‘ఇక చాలు’ అనా? రోజంతా దాన్ని పెద్దది చేసి చూసినా ఆ వేళ్ళలో ఏమీ తేలలేదు. మరునాడు గులాబీ పంపాడు. మళ్ళీ దండమే వచ్చింది.

పువ్వులన్నీ అయిపోయాక ఇక మనిషే వెళ్ళాలని నిశ్చయించుకున్నాడు. కళ్ళ పరీక్షకని ఇంట్లో చెప్పి, అంగూరు పండ్లు కొనుక్కుని జగిత్యాల బస్సెక్కాడు.

రాజేందర్ ఆదరంగా లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. “ఏమన్న పని మీద అచ్చినవా అన్నా?”

మన వైపు ఈ ప్రశ్నకు జవాబు ఒకటే ఉంటుంది. కొంపలంటుకుని వచ్చినవాడైనా సరే ఆ మాటే అనాలి. మొండయ్య కూడా అన్నాడు.

“ఏం లేదు సారూ. గిటే పోతున్న, అట్లనే ఒక్కసారి కలిసి పోదామని.”

కోరుట్లలో ఉండే మనిషి జగిత్యాలలో రాజేందర్ ఇంటి సందు గుండా ఎటు పోతాడో ఆయనా చెప్పలేదు, సారూ అడగలేదు. అడిగితే మర్యాద కాదు.

ఛాయ్ వచ్చింది. తెచ్చిన పిల్లవాడు రాజేందర్ కొడుకు శ్రవణ్. అంబలి మాట గొంతు దాకా వచ్చి ఆగింది. ఊరికే కూర్చుంటే బాగుండదని మొండయ్య పిల్లవాణ్ణి పలకరించాడు.

“ఏం చదివినవు నాయినా? ఏం నౌకరి? జీతం టైముకు అస్తదా? ఏమన్న అలవాట్లున్నయా?”

శ్రవణ్ బుద్ధిగా అన్నిటికీ జవాబు చెప్పాడు. రాజేందర్ భార్య బాలమణి వంటింటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

“మీకు పిల్లలెంతమంది అన్నా?”

అంబలి గురించి చెప్పలేని మనిషికి ఆడపిల్ల గురించి చెప్పడానికి అడ్డేముంది? మొండయ్య గొంతు ఒక్కసారిగా తెరుచుకుంది. ఒక్కతే బిడ్డ సృజన, సిరిసిల్లలో లెక్కల టీచరు, అక్కడే హాస్టల్లో ఉంటుంది, శనివారం సాయంత్రం ఇంటికి వస్తుంది, బిడ్డని చూస్తే ఇల్లంతా కళ వస్తుంది, పేడ పురుగును కూడా పక్కకు జరిపి నడిచే గుణం. చెప్పినంతసేపూ చెప్పి, అంగూర్లు ఇచ్చి, సంతోషంగా బస్సెక్కి కూర్చున్నాక గానీ అంబలి సంగతి గుర్తుకు రాలేదు.

పింఛను పనుందని ఇంట్లో చెప్పి రెండోసారి వెళ్ళాడు. ఈసారి మామిడిపండ్లు పట్టుకెళ్ళాడు. ఈసారి ఛాయ్ పూల కప్పుల్లో వచ్చింది, పక్కన మిక్చరు, గారెలు. రాజేందర్ ‘అన్నా’ అనడం మాని ‘బావా’ అన్నాడు. కులపోళ్ళం కదా, ప్రేమ పెరిగిందని మొండయ్య మురిసిపోయాడు. ఇంత దగ్గరి మనిషికి పని ఇవ్వకుండా ఎలా ఉంటారు? మాటను మెల్లగా అంబలి వైపు మళ్ళిద్దామని నీళ్ళ దగ్గర మొదలుపెట్టాడు.

“ఎండాకాలం మీకు నీళ్ళకు తక్లీఫ్ ఉంటదా?”

“బోరుల మస్తు నీళ్ళున్నయి బావా. కోడలు బిందె ఎత్తే అక్కర రాదు,” అన్నాడు రాజేందర్.

“సంతోషం,” అన్నాడు మొండయ్య. వీళ్ళకు కోడలెప్పుడొచ్చిందని మనసులో అనుకున్నాడు గానీ, అడిగితే బాగుండదని అడగలేదు.

కొడిమ్యాలలో దోస్తుకు పాణం బాగాలేదని చెప్పి, పండ్లు పట్టుకుని మూడోసారి వెళ్తే, బాలమణి నాటుకోడి కూర వండి అరిటాకు వేసింది. తింటున్నంతసేపూ భార్యాభర్తలిద్దరూ ఎదురుగా కూర్చుని ఆయన నోటినే చూశారు.

“ఇంకేమన్న చెప్పేదుందా బావా?” అన్నాడు రాజేందర్.

“కూర మంచిగున్నది,” అన్నాడు మొండయ్య.

“ఇంకా?”

“ఉప్పు సరిపోయింది.”

రాజేందర్ తువాలుతో మూతి తుడుచుకున్నాడు. బాలమణి ఎందుకో గబుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళింది. బయల్దేరేటప్పుడు సారు గేటు దాకా వచ్చి భుజం మీద చెయ్యేశాడు. “ఇగ నువ్వు తిరిగింది సాలు. ఆదివారం మేమే మీ ఇంటికి అస్తం.”

ఆ మాట విన్న మొండయ్య బస్సులో సీటు దొరికినా నిలబడే వచ్చాడు. అధ్యక్షుడే ఇంటికొచ్చి తనను అడుగుతాడట! మర్యాదకున్న బలం అంటే ఇదీ. ఇంట్లోకి అడుగు పెడుతూనే ప్రకటించాడు.

“ఆదివారం రాజేందర్ సారు మనింటికి అస్తుండు. నన్ను అడిగెటందుకు.”

“కొడిమ్యాలకు పోతే సారెట్ల దొరికిండు?”

“దారిల.”

“పాణం బాగలేనోనికి పట్టుకపోయిన పండ్లేవి?”

“తిన్నడు.”

“అన్ని పండ్లు తిన్నడంటే ఇగ పాణం బాగైనట్టే,” అంది బాలలక్ష్మి. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆమె ఊరుకుందంటే ఆయన భయపడి ఉండాల్సింది. ఆ రోజు సంతోషంలో భయపడటం మర్చిపోయాడు.

ఆదివారం ఇల్లంతా కడిగారు. మొండయ్య ఇస్త్రీ బట్టలు వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. కారు ఆగి అందులోంచి రాజేందర్, బాలమణి, శ్రవణ్ దిగారు. బాలమణి చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో పూలు, పండ్లు, కొబ్బరికాయ, కుంకుమ భరిణె. ఒక అంబలి వాలంటీరుకు ఇంత లాంఛనమా అని మొండయ్యకు కళ్ళు చెమర్చాయి. శాలువా ఎక్కడుందో అని కూడా వెతికాడు.

అందరూ కూర్చున్నాక బాలమణి గొంతు సవరించుకుంది. “ఇగ పిల్లను పిలువుండ్రి వదినె.”

“ఏ పిల్ల?” అన్నాడు మొండయ్య.

“గట్లంటవేంది బావా?” అన్నాడు రాజేందర్. “అంగూర్లు పట్టుకొని అచ్చి మా పిలగాని చదువు అడిగినవు, నౌకరి అడిగినవు, అలవాట్లు అడిగినవు. రెండోపాలి అచ్చి నీళ్ళున్నయా అని అడిగినవు. నోరు తెరిచి సంబంధమని అనకపోతివి గని, ఆడపిల్ల తండ్రివి, ఎట్లంటవని మేమే అర్థం చేసుకుంటిమి.”

మొండయ్యకు ఒక్కసారి చెవుల్లో బస్టాండంతా హారన్లు మోగినట్టయింది. నిజమే. పండ్లు పట్టుకుని, పని చెప్పకుండా, పెండ్లి కాని పిలగాడున్న ఇంటికి మళ్ళీ మళ్ళీ పోయే ఆడపిల్ల తండ్రి దేనికి పోతాడు? తను చూసినా అలాగే అనుకునేవాడు. తలెత్తితే గదిలోంచి సృజన వచ్చి ఎదురుగా నిలబడి ఉంది.

“నన్ను ఒక్కమాట అడుగకుండనే సంబంధం చూసినవా బాపూ?”

“లేదు బిడ్డా! నీ మీదొట్టు, నాకు తెల్వది!”

“నాటుకోడి తిన్నప్పుడన్న తెల్వలేదా?”

“సారు ప్రేమతోని పెట్టిండనుకున్న!”

ఆయన బిడ్డ కళ్ళలోకి చూడలేకపోయాడు. కాదంటే ఎదుటివాళ్ళకు అవమానం, అవునంటే బిడ్డ బతుక్కి అన్యాయం. సారు వైపు తిరిగి చేతులు జోడించి, “తప్పు నాది, పిల్లది కాదు,” అన్నాడు.

ఆ ముఖం చూడలేక ముందు బాలలక్ష్మి నవ్వింది. ఆమె వెనక బాలమణి, ఆ వెంటనే సృజన, చివరికి గోడ పట్టుకుని శ్రవణ్ కూడా. మొండయ్య ఒక్కడే నిలబడి అందరినీ మార్చి మార్చి చూశాడు.

“కూసో కూసో, ఇగ ఏడిపియ్యం,” అంది బాలలక్ష్మి కళ్ళు తుడుచుకుంటూ. “నువ్వు పింఛన్ పనని పోయచ్చిన తెల్లారే వదినె నాకు ఫోన్ చేసింది, పిల్ల ఫొటో పంపుమని. నేను బిత్తరపోయిన. సంగతి అడిగితే అంగూర్ల కాన్నుంచి అంతా చెప్పింది. మా ఆయన సంబంధానికి రాలే వదినె, అంబలి కాడ పనికి అచ్చిండు, అడుగ సిగ్గు అని చెప్పిన. ఇద్దరం కడుపులు పట్టుకొని నవ్వినం.”

“మరి నాటుకోడి?” అన్నాడు మొండయ్య నీరసంగా.

“అది పరీక్ష బావా,” అన్నాడు రాజేందర్. “కోడిని కోసి పెడితెనన్న నోరు తెరుస్తవని చూసినం. తినెటందుకు తెరిచినవు గని అడిగెటందుకు తెరువకపోతివి.”

“సృజనకు ఇప్పుడు పెండ్లి ఒద్దట, మావోనికీ ఒద్దట,” అంది బాలమణి. “తెచ్చిన పూలు వాడిపోవుడెందుకు? ఇయ్యాల చూపులు మీకే.”

గది మధ్యలో కుర్చీ వేసి మొండయ్యను కూర్చోబెట్టారు. సృజన తండ్రి చేతిలో ఛాయ్ ట్రే పెట్టి అందరికీ ఇప్పించింది. ఆయన తల వంచుకుని ఇచ్చాడు. ఆ తల ఎలాగూ ఎప్పుడూ వంగే ఉంటుంది కాబట్టి పెద్ద కష్టం కాలేదు.

“ఉల్లిగడ్డ సన్నగ కోస్తడా?” అని బాలమణి అడిగింది.

“కోస్తడు గని, ఉల్లిగడ్డ కన్నా ముందు ఈయనే ఏడుస్తడు,” అంది బాలలక్ష్మి.

“కొంచెం నడిచి చూపియ్యమనుండ్రి,” అన్నాడు శ్రవణ్. “కుండ మోసుడుంటది గదా.”

“బాపుకు మోకాళ్ళు మంచిగనే ఉన్నయి, గోడలు దూకుతడు,” అంది సృజన.

నవ్వులు సద్దుమణిగాక రాజేందర్ కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన ముఖంలో ఎగతాళి లేదు. “అన్నీ మంచిగనే ఉన్నయి. ఒక్కటే బాకీ. నీకేం కావాల్నో నీ నోటితోని ఒక్కపారి చెప్పు బావా.”

మొండయ్య బాలలక్ష్మి వైపు చూశాడు. తన బదులు ఆమె చెప్తుందేమోనని. ఆమె చీర కొంగు సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది. ఇక తప్పదని ఆయన ట్రే పక్కన పెట్టాడు.

“నాకు అంబలి కాడ పని కావాలె సారూ,” అన్నాడు. అనేశాక ఆగలేదు. “కోతులకు భయపడి అనుకోకుండ్రి, అది గూడ ఉన్నది. గని బస్టాండు విడిచినంక నాతోని ఎవలికీ పని లేదు. పొద్దుగాల లేస్తే ఎవలకన్న అక్కరకు రావాలనిపిస్తది. అందుకే తిరిగిన.”

సృజన వచ్చి తండ్రి కుర్చీ వెనక నిలబడి ఆయన భుజాల మీద చేతులేసింది. బిడ్డ అలా చేతులేసి చాలా రోజులైంది. మొండయ్యకు నిజంగానే ఏడుపొచ్చింది, ఉల్లిగడ్డ లేకుండానే.

“ఈ ముక్క మొదటి దినమే అంటే ఎన్నడో అయిపోవు,” అన్నాడు రాజేందర్. “నేనే నీకు ఫోన్ చేద్దామనుకున్న. గంతల నువ్వు అంగూర్లు పట్టుకొని అచ్చినవు. ఇగ వియ్యంకుడయ్యెటోనికి గిన్నెలు కడుగుమని ఎట్ల చెప్పాలె? నువ్వు అచ్చిన కొద్దీ నీ పని ఎనుకకు పోయింది.”

ఇన్ని బస్సులెక్కి, ఇన్ని పండ్లు మోసి, తన పనిని తనే వెనక్కి నెట్టుకున్నానని మొండయ్యకు అప్పుడు అర్థమైంది. సిగ్గుతో నవ్వాడు. “అయితే ఇప్పుడిస్తరా?”

“రేపే కోరుట్లల మొదలు. పొద్దుగాల రావాలె. అక్కడ ఇన్‌ఛార్జి ఏం చెప్తే అది చెయ్యాలె.”

“తప్పకుండ. ఇన్‌ఛార్జి ఎవలు సారూ?”

అందరూ బాలలక్ష్మి వైపు చూశారు. ఆమె ఖాళీ కప్పులు ట్రేలో పేరుస్తోంది.

“వదినె ఫోన్ చేసినప్పుడే అడిగిన, నాకేమన్న పనుందా అని,” అంది తలెత్తకుండానే. “ఇచ్చిండ్రు.”

“అడుగంగనే?”

“అడుగంగనే.”

“మరి ఇంట్ల వడియాలు?”

“అవి పొద్దుగాలనే నువ్వు పెట్టి అస్తవు,” అంది ఇన్‌ఛార్జి.

మరునాడు బస్టాండు ముందర తాటాకుల పందిరి కింద అంబలి కుండలు వెలిశాయి. జొన్నపిండి ఉడికించి చల్లార్చి, మజ్జిగ, ఉప్పు, జీలకర్ర వేసి బాలలక్ష్మి కలిపిన అంబలిని జనం రెండు గిలాసలు అడిగి మరీ తాగారు. మొండయ్య ఉల్లిగడ్డలు కోశాడు, నీళ్ళు మోశాడు, గిలాసలు కడిగాడు. పాత డ్రైవర్లు, కండక్టర్లు, ముల్లెలు పట్టుకున్న ముసలవ్వలు ‘కంట్రోలర్ సాబ్, మంచిగున్నవా’ అని పలకరిస్తుంటే, తడి చేతులు లుంగీకి తుడుచుకుని ఒక్కొక్కరికీ దండం పెట్టాడు. ఇంత సంతోషంగా ఆయన ఎన్నడూ గిన్నెలు కడగలేదు. ఆ మాటకొస్తే ఎన్నడూ గిన్నెలే కడగలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి నాలుక పిడచకట్టింది. కుండలో అంబలి అడుగుకు దిగుతోంది. పక్కనే నిలబడి ఆయన కుండలోకి చూశాడు, భార్య ముఖం చూశాడు, మళ్ళీ కుండలోకి చూశాడు. బాలలక్ష్మి గరిటె ఆపలేదు. ఇది కూడా అడిగితే గానీ అయ్యేది కాదని తెలిసిపోయింది. మొండయ్య గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

“బాలలచ్చిమీ! నాకు దూపైతున్నది, ఒక గిలాస అంబలి పొయ్యి!”

ఆ గొంతుకు కరీంనగర్ బస్సు ఎక్కబోయేవాళ్ళు కూడా ఆగి వెనక్కి తిరిగారు. బాలలక్ష్మి గరిటె ఎత్తి పట్టుకుని మొగుణ్ణి పైనుంచి కింది దాకా చూసింది. ఆమె కళ్ళలో నవ్వు దాగలేదు.

“గిట్ల అడుగాలె,” అంది. “పోయి లైన్ల నిలబడు.”

మొండయ్య వెళ్ళి వరుస చివర నిలబడ్డాడు. ముందర చాలామందే ఉన్నారు. ఆయనకు మాత్రం తొందరేమీ అనిపించలేదు.